షెఫీల్డ్ దగ్గర చేతితో చేయించుకున్న రాండెల్ బాకు: నా రివ్యూ

పదిహేనో శతాబ్దపు ఇంగ్లండులో సైనికులు నడుముకి కట్టుకున్న రాండెల్ బాకుకి ఇది చేతితో చేసిన నకలు. షెఫీల్డ్ ఊరి చివర ఒక్కరే నడుపుకునే చిన్న వర్క్‌షాపులో చేయించుకున్నాను. ఒరతో కలిపి 540 పౌండ్లు పడింది. చిన్న మొత్తమేమీ కాదు. అయినా అలుగు (పొడిచే ఉక్కు భాగం), పిడి చూశాక ఆ డబ్బు దండగ అని ఒక్కసారి కూడా అనిపించలేదు. ఒర మాత్రం ఆ స్థాయిలో లేదు. ఆ సంగతి కింద వివరంగా రాస్తాను.

చేసినాయన పేరు ఇక్కడ పెట్టడం లేదు. చేతిలో ఉన్న ఆర్డర్లే పూర్తి కావడం లేదని, ఎక్కడా పేరు రాయొద్దని ఆయనే అడిగారు. ఇలాంటి పని చేసేవాళ్ళు బ్రిటన్‌లోనూ యూరప్‌లోనూ ఇంకా ఉన్నారు. వాళ్ళలో ఎవరి దగ్గర చేయించుకున్నా ఏం అడగాలో, వస్తువు చేతికొచ్చాక ఏం చూసుకోవాలో ఇది చదివితే తెలుస్తుంది.

నేను లీడ్స్‌లో ఉంటాను. వారమంతా బ్యాంకు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. సెలవుల్లో మాత్రం మధ్యయుగపు జీవితాన్ని జనానికి చూపించే ఒక చిన్న బృందంతో తిరుగుతాను. ఆ కాలపు బట్టలు వేసుకుని, అప్పటి వస్తువుల నకళ్ళు బల్ల మీద పరిచి, వచ్చినవాళ్ళ చేతికిచ్చి వాటి గురించి చెప్పడం మా పని. టౌటన్ మాకు దగ్గరే. 1461 మార్చి 29న, ఈస్టర్‌కి ముందు వచ్చే మట్టల ఆదివారం నాడు, మంచు కురుస్తుండగా, ఇంగ్లండు సింహాసనం కోసం కొట్లాడుకున్న యార్క్, లాంకాస్టర్ వర్గాలు అక్కడే తలపడ్డాయి. ఆ రోజు 28,000 మంది చనిపోయారని అప్పటివాళ్ళు రాశారు. ఇప్పటి చరిత్రకారుల్లో చాలామంది అంత సంఖ్యని నమ్మరు. కానీ 1996లో టౌటన్ హాల్ దగ్గర కట్టడం పనుల్లో బయటపడ్డ సామూహిక సమాధిలోని పుర్రెలని చూస్తే అక్కడ జరిగింది ఎంత దగ్గరి పోరో అర్థమవుతుంది. ఆ పోరుకి తగిన ఆయుధం ఈ బాకు.

తెలియనివాళ్ళ కోసం నాలుగు మాటలు. పిడికి పైన ఒకటి, కింద ఒకటి గుండ్రటి బిళ్ళలు ఉంటాయి. వాటినే రాండెల్ అంటారు. అలుగు సన్నగా, పొడుగ్గా, గట్టిగా ఉంటుంది. కోయడానికి కాదు, పొడవడానికి చేసింది. పద్నాలుగో శతాబ్దం నుంచి పదహారో శతాబ్దం దాకా యూరప్ అంతటా వాడారు. ఒళ్ళంతా ఉక్కు రేకుల కవచం కప్పుకున్న మనిషిని కత్తితో నరికితే పెద్దగా ఏమీ కాదు. చంక దగ్గర, గజ్జల దగ్గర, ముఖం మీది మూతకి ఉన్న సందుల్లో, ఇనప వలయాలు అల్లిన జాలీ మాత్రమే ఉన్న చోట్ల ఈ మొన దిగుతుంది. అందుకే మొన సన్నం, వెన్ను మందం. బిళ్ళలు అందం కోసం పెట్టినవి కావు. మొన గట్టిదానికి తగిలినప్పుడు చెయ్యి జారి అలుగు మీదికి పోకుండా కింది బిళ్ళ ఆపుతుంది. పిడికిలి తలకిందులుగా పట్టి పైనుంచి దించేటప్పుడు బొటనవేలు పై బిళ్ళ మీద ఆనుతుంది. రెండో చేత్తో దాన్నే నొక్కి బలం కలపొచ్చు. పదిహేనో శతాబ్దంలో యుద్ధవిద్య నేర్పిన ఇటలీ గురువు ఫియోరె, జర్మనీ గురువు తాల్‌హోఫర్ గీయించిన బొమ్మల్లో ఈ పట్టులన్నీ కనిపిస్తాయి.

ఇంతకు ముందు మా బల్ల మీద ఉన్నది ఆన్‌లైన్‌లో కొన్న ఫ్యాక్టరీ సరుకు. అమ్మిన కంపెనీ పేరెందుకు గానీ, ఫొటోలో చూస్తే దానికీ దీనికీ తేడా కనిపెట్టడం కష్టం. చేతిలోకి తీసుకుంటే వెంటనే తెలుస్తుంది. ఒకే మందం ఉన్న రేకుని బాకు ఆకారంలో కోసి, అంచులు సాన పట్టి వదిలేశారు. మొదట్లో ఎంత మందమో మొన దగ్గరా అంతే మందం. దాంతో బరువంతా ముందుకి తూగుతుంది. బిళ్ళలు పోత పోసినవి, అవసరానికి మించి పెద్దవి. మణికట్టు తిప్పితే ఎముకకి కొట్టుకుంటాయి. పై బిళ్ళ మీద నట్టు బిగించి, అది కనపడకుండా ఒక టోపీ తొడిగారు. కొన్ని నెలలకే నట్టు వదులై పిడి గలగలమనడం మొదలైంది. దాన్ని చిన్నపిల్లల చేతికిచ్చి "మీ వయసు దాటిన కుర్రాళ్ళు ఇలాంటిది పట్టుకునే యుద్ధానికి వెళ్ళారు" అని చెప్పడం నాకు ఇష్టం లేకపోయింది. ఎందుకంటే వాళ్ళు పట్టుకున్నది ఇలాంటిది కాదు. బల్ల దగ్గరికి వచ్చినవాళ్ళు నా మాటలు మర్చిపోతారు, చేతికి తగిలిన బరువు మాత్రం గుర్తుంటుంది. ఆ బరువు తప్పైతే నేను చెప్పిన చరిత్ర కూడా తప్పే.

ఆర్డర్ పెట్టడానికి రాసినప్పుడు ఆయన నుంచి ధర రాలేదు, ప్రశ్నలు వచ్చాయి. ఏ దశాబ్దంది కావాలి? ఎలాంటి మనిషి నడుముది, కూలికొచ్చిన విలుకాడిదా, సొంత పొలం ఉన్న రైతుదా, గుర్రమెక్కే దొరదా? మీ అరచేతి వెడల్పు ఎంత? పదును ఉంచాలా? జనం చేతికి ఇస్తారా, గోడకి తగిలిస్తారా? ఈ ప్రశ్నలు చూశాకే ఈయన దగ్గర చేయించుకోవాలని నిర్ణయించుకున్నాను. అదే సమయంలో ఇంకో తయారీదారు నాకు ధరల పట్టిక, రంగుల ఎంపిక పంపారు. ఒకరు బాకు గురించి ఆలోచిస్తున్నారు, ఇంకొకరు బేరం గురించి.

1450ల నాటిది, సొంత పొలం ఉన్న రైతు స్థాయి మనిషిది అనుకున్నాం. అంటే వెండి, పూతలు, చెక్కడాలు ఉండవు. ఇనుము, చెక్క, కాస్త ఇత్తడి. నమూనాగా ఏదో ఒక్క మ్యూజియం వస్తువుని మక్కీకి మక్కీ దించలేదు. లండన్ వాలెస్ కలెక్షన్‌లోవి, లీడ్స్ రాయల్ ఆర్మరీస్‌లోవి చూసి ఏళ్ళ తరబడి ఆయన గీసుకున్న బొమ్మలు, రాసుకున్న కొలతలు ఒక లావుపాటి నోట్‌బుక్కులో ఉన్నాయి. వాటిలోంచి ఒకే కాలానికి, ఒకే రకానికి చెందినవి పక్కపక్కన పెట్టి కొలతలు తేల్చారు. ఈ రెండు మ్యూజియాలకీ ప్రవేశం ఉచితం. ఆర్డర్ పెట్టే ముందు మీరూ ఒకసారి వెళ్ళి గాజు పెట్టె ముందు నిలబడి చూడండి. ముందు నుంచి కాదు, పక్క నుంచి చూడండి. అలుగు మందం మొదట్లో ఎంత ఉందో, చివరికి వచ్చేసరికి ఎలా తగ్గిందో పక్క నుంచే కనిపిస్తుంది. కేటలాగు ఫొటోలన్నీ ముందు నుంచే తీస్తారు కాబట్టి ఫ్యాక్టరీ నకళ్ళన్నీ అక్కడే దెబ్బ తింటాయి.

నాకు వచ్చిన దాని కొలతలు ఇవి. అలుగు 31 సెంటీమీటర్లు. ఒక వైపే వాదర (కోసే అంచు), రెండో వైపు మందపాటి వెన్ను, అంటే అడ్డంగా కోస్తే త్రికోణం. వెన్ను మందం పిడి దగ్గర 8 మిల్లీమీటర్లు, అక్కణ్ణుంచి సమంగా తగ్గుతూ మొనకి ముందు మూడున్నరకి వస్తుంది. వెడల్పు కూడా అలాగే సూటిగా సన్నబడుతుంది. మొత్తం బరువు ఒర లేకుండా దాదాపు 270 గ్రాములు. పాతది దీనికి రెట్టింపు ఉండేది. చూపుడు వేలు మీద పెడితే కింది బిళ్ళకి కాస్త ముందు తూగి నిలుస్తుంది. చేతిలో ఉందన్న సంగతే మర్చిపోయేంత తేలిక. కానీ పొడుస్తున్నట్టు ముందుకి కదిపితే మొన ఎక్కడుందో కళ్ళు మూసుకున్నా తెలుస్తుంది.

అలుగు సాగదీసే రోజు వచ్చి చూడొచ్చన్నారు, వెళ్ళాను. ఈ సేవకి విడిగా డబ్బు తీసుకోరు. వెళ్ళే అవకాశం ఇస్తే ఎవరూ వదులుకోకండి. మనం దేనికి డబ్బు కట్టామో అక్కడే తెలుస్తుంది.

ఆయన వాడేది ఈఎన్45 అనే స్ప్రింగు ఉక్కు. వాహనాల కింద ఉండే పట్టీ స్ప్రింగులకి వాడే రకం. మధ్యయుగంలో ఇలాంటి ఒకే తీరు ఉక్కు దొరికేది కాదు. మెత్తటి ఇనుముకి ఉక్కుని అతికి, లోపల చిట్టెం (ఇనుము తీసేటప్పుడు మిగిలే మడ్డి) గీతలతో, ఒక్కో చోట ఒక్కో గట్టిదనంతో అలుగులు తయారయ్యేవి. ఆ పద్ధతిలోనే చేయమంటే చేస్తారు కానీ ధర మూడింతలు. నేను వద్దన్నాను. బల్ల మీద చేతులు మారే వస్తువుకి ఆకారం, బరువు సరిగ్గా ఉండాలి, విరగకూడదు. లోపలి ఉక్కు ఏ కాలానిదో పట్టుకున్నవాళ్ళకి తెలియదు. లోహశాస్త్రం చూపించాలనుకునేవాళ్ళకి ఆ మూడింతల ధర న్యాయమే.

కొలిమి గ్యాసుది. దాగలి, సుత్తులు, పటకార్లు మాత్రం ఏ కమ్మరి చూసినా గుర్తుపట్టేవే. ముందు పిడిలోకి దూరే తోకని సాగదీశారు. తర్వాత అలుగుని మొన వైపు సన్నబరుస్తూ వచ్చారు. ఇక్కడే ఫ్యాక్టరీ పనికీ చేతి పనికీ దారులు వేరవుతాయి. సుత్తితో సన్నబరిస్తే ఉక్కు వృథా కాదు, పక్కకి జరిగి పొడుగవుతుంది. సానతో సన్నబరచాలంటే మంచి ఉక్కుని పొడి చేసి పారబోయాలి, గంటలు పడుతుంది. అందుకే అటువైపు ఎవరూ వెళ్ళరు, మందంగానే వదిలేస్తారు.

నాకు బాగా గుర్తుండిపోయిన సంగతి ఒకటుంది. వాదర వైపు కొట్టడానికి ముందు ఆయన తిన్నగా ఉన్న అలుగుని కావాలనే వాదర వైపుకి కొడవలిలా వంచారు. ఎందుకో అర్థం కాలేదు. తర్వాత వాదరని పలచగా కొట్టడం మొదలుపెట్టాక తెలిసింది. పలచబడిన వైపు పొడుగవుతుంది, అలుగు దానంతటదే వెన్ను వైపుకి తిరుగుతుంది. ముందే ఇటు వంచి పెట్టుకుంటే పని అయ్యేసరికి తిన్నగా వస్తుంది. సరిగ్గా అలాగే వచ్చింది. దాన్ని ఆయన లెక్క వేసి వంచలేదు, కన్నుతో వంచారు. ఆ కన్ను సంపాదించడానికి పట్టిన ఏళ్ళే ఈ ధరలో ఎక్కువ భాగం అని నాకు అక్కడ అర్థమైంది.

ఉక్కు నారింజ రంగులో ఉన్నంతసేపే దెబ్బ వేస్తారు. ముదురు ఎరుపుకి దిగిందంటే మళ్ళీ కొలిమిలోకే. ఆకారం వచ్చాక మూడుసార్లు కాల్చి గాలికి చల్లార్చారు, సుత్తి దెబ్బలకి లోపల పుట్టిన బిగువు పోవాలని. ఆ తర్వాత యంత్రం మీద సాన పట్టారు. అవును, యంత్రమే. చేతి పని అంటే మొత్తం చేత్తోనే అనుకోవద్దని ఆయన ముందే చెప్పారు. పైపొర తీయడానికి బెల్టు యంత్రం, అక్కణ్ణుంచి ఆకురాళ్ళు, రాళ్ళు. ఏది ఎక్కడ వాడారో దాచకుండా చెప్పే మనిషిని నేను నమ్ముతాను. "వంద శాతం హ్యాండ్‌మేడ్" అని అరిచేవాళ్ళని ఈ ఒక్క ప్రశ్న అడగండి, సంగతి తేలిపోతుంది.

గట్టిపరిచే ముందు లైట్లు ఆర్పేశారు. చీకట్లో అయితేనే ఎరుపు ఛాయలు సరిగ్గా కనిపిస్తాయి. పక్కన ఒక అయస్కాంతం వేలాడుతోంది. 770 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉక్కు అయస్కాంతానికి అంటుకోవడం మానేస్తుంది. అది దాటి ఇంకాస్త వేడెక్కనిచ్చి, మొన కిందికి పెట్టి నిలువుగా నూనెలో ముంచారు. పక్కగా ముంచితే అలుగు వంకర పోతుందట. బయటికి తీశాక ఆకురాయి పెడితే గాజు మీద పెట్టినట్టు జారిపోయింది. ఆ స్థితిలో కింద పడితే ముక్కలవుతుంది. అందుకే మళ్ళీ ఓవెన్‌లో పెట్టి గట్టిదనం కొంచెం దించారు. మెరుగు పెట్టిన ఉక్కు వేడెక్కే కొద్దీ రంగులు మారుతుంది. 230 డిగ్రీల దగ్గర లేత గడ్డి రంగు, 300 దగ్గర నీలం. మంగలి కత్తికైతే గడ్డి రంగు చాలు, బాకు విరగకూడదు కాబట్టి నీలం దాటనిచ్చారు.

టీ తాగుతున్నప్పుడు మాది నిజామాబాద్ జిల్లా అని చెప్పాను. ఆయన వెంటనే "కోనసముద్రం దగ్గరా?" అని అడిగారు. నాకు ఒళ్ళు పులకరించింది. మూసల్లో కరిగించి తీసిన మన ఉక్కు కోసం పర్షియా వర్తకులు అంత దూరం నుంచి ఆ ఊరికి వచ్చేవారు. ఉత్తర తెలంగాణ పల్లెల పక్కన ఇనప చిట్టెం కుప్పలు, పగిలిన మూసల పెంకులు ఇప్పటికీ కనిపిస్తాయి. ఆ ఉక్కుకీ ఈ ఇంగ్లండు బాకుకీ సంబంధం ఏమీ లేదు, లేనిది అంటగట్టను. కానీ షెఫీల్డ్‌లో ఒక కమ్మరి నోట మా జిల్లా ఊరి పేరు వినడం, మన దగ్గర ఎంతోమందికి ఆ పేరే తెలియకపోవడం, రెండూ ఒకేసారి గుర్తొచ్చి మనసు చివుక్కుమంది.

మొన గుండ్రంగా చేసేముందు రెండు పరీక్షలు చేసి చూపించారు. ఓక్ చెక్కలో దించి పక్కకి వంచి లాగారు. మొన వంగలేదు, పెచ్చు రాలేదు. తర్వాత గోనెసంచి మీద రివెట్లు కొట్టిన వలయాల జాలీ ముక్క పరిచి పొడిచారు. మొన ఒక వలయంలోకి దూరి, వెనకాలే మందం పెరుగుతూ రావడంతో రివెట్టు ఊడి వలయం తెరుచుకుంది. మూల నుంచి మొన దాకా సమంగా సన్నబడటం ఎందుకో ఒక్క దెబ్బలో అర్థమైంది. 2012లో లెస్టర్‌లో కారు పార్కింగు కింద దొరికిన మూడో రిచర్డ్ రాజు అస్థిపంజరం మీద చనిపోయే వేళకి తగిలిన 11 గాయాలు గుర్తించారు, అందులో 9 పుర్రె మీదే. 1485లో బాస్‌వర్త్ యుద్ధంలో ఆయన్ని చుట్టుముట్టినవాళ్ళ చేతుల్లో ఏముందో ఆ వలయం తెరుచుకున్నప్పుడు నాకు కళ్ళకి కట్టింది.

నాది జనం చేతికిచ్చే వస్తువు కాబట్టి పరీక్షల తర్వాత మొన గుండ్రం చేశారు, వాదర ఒక మిల్లీమీటరు మందంగా వదిలారు. మొన అలాగే ఉంచుదామని ఆయన కాసేపు వాదించారు, ఆకారం చెడుతుందని. పిల్లలు పట్టుకుంటారని నేను ఒప్పుకోలేదు. ఇప్పుడు చూస్తే రెండు అడుగుల దూరం నుంచి తేడా తెలియడం లేదు.

పిడి గురించి చెప్పాలంటే అలుగు కన్నా పిడే నాకు ఎక్కువ నచ్చింది. చెక్క బాక్స్‌వుడ్. పసుపు ఛాయలో, చాలా దట్టంగా, గోరు దిగనంత గట్టిగా ఉంటుంది. ఆ కాలంలో బాకు పిడులకి ఇది వాడారనడానికి మంచి రుజువు పోర్ట్స్‌మత్‌లో ఉంది. 1545లో మునిగి 1982లో పైకి తీసిన మేరీ రోజ్ ఓడలో బాక్స్‌వుడ్ పిడుల బాకులు దొరికాయి. అవి రాండెల్ కాదు, వేరే రకం. నాలుగు వందల ఏళ్ళకి పైగా సముద్రంలో ఉండటంతో ఇనప అలుగులు తుప్పు పట్టి కరిగిపోయాయి, చెక్క పిడులు మాత్రం ఒండ్రులో భద్రంగా నిలిచాయి. థేమ్స్ నది బురదలో దీనికి తిరగబడ్డ కథ. గాలి తగలని బురదలో ఇనుము కూడా బాగానే నిలిచింది. అందుకే ఒకే మ్యూజియం చూసి నకలు చేయలేమని ఆయన అంటారు. పిడి ఒకచోట నేర్చుకోవాలి, అలుగు ఇంకోచోట.

చెక్కకి డ్రిల్లుతో సన్నటి రంధ్రం చేసి, తోక ఆకారంలోనే ఉన్న వేరే ఇనప కడ్డీని ఎర్రగా కాల్చి అందులోకి దించారు. చెక్క కాలి, తోకకి అచ్చంగా సరిపోయే గూడు ఏర్పడింది. అసలు తోకనే కాల్చి దించితే అలుగు గట్టిదనం పోతుంది కాబట్టి వేరే కడ్డీ. మిగిలిన సన్నటి ఖాళీలోకి గుగ్గిలం లాంటి చెట్టు బంక, తేనెమైనం, బూడిద కలిపి కాచి పోశారు. ఎపాక్సీ జిగురు చుక్క కూడా లేదు. బిళ్ళలు ఒక్కొక్కటి రెండు పలచటి ఇనప రేకుల మధ్య చెక్క పలక, చుట్టూ ఇత్తడి పట్టీ. కిందిది 48 మిల్లీమీటర్లు, పైది 44. చూడటానికి బరువుగా కనిపిస్తాయి, నిజానికి తేలిక. తోక చివర పై బిళ్ళలోంచి బయటికొచ్చి, చిన్న సుత్తితో కొట్టి పూవులా విప్పి బిగించి ఉంటుంది. ఇక్కడ నట్టు లేదు. తోక చివరని ముందే మెత్తబరిచారు కాబట్టి చల్లగా ఉండగానే కొట్టగలిగారు. నా కుడిచేతి కొలతకి పిడి నాలుగు వేళ్ళకి సరిగ్గా సరిపోతుంది. మగవాళ్ళ చేతికి కాస్త ఇరుకు. మా బృందంలోని ఒకాయన అదే ఫిర్యాదు చేశారు. కానీ చేయించుకున్నది నేను.

ఇక ఒర. కుట్టు బాగుంది. చెట్టు బెరడుతో పదును చేసిన దూడతోలు, వెనక మైనం పట్టించిన నార దారంతో అంచుకి అంచు కలిపిన కుట్టు, ముందు వైపు గీతలతో వజ్రాల గళ్ళు. లండన్ నది ఒడ్డున దొరికిన పాత కత్తుల ఒరల తీరే. కానీ రెండు లోపాలు. మొదటిది, బెల్టుకి తగిలించే తోలు ఉచ్చు బాగా కిందికి పెట్టారు. దాంతో పిడి బరువుకి బాకు పైభాగం బయటికి వాలి, నడుస్తుంటే మోచేతికి తగిలేది. పంపిస్తే సరిచేసి ఇచ్చారు, కొరియర్ ఖర్చు నాదే అన్నారు. అది న్యాయంగా అనిపించలేదు. రెండోది ఇంకా ముఖ్యం. తోలుకి నల్లరంగు ఇనుముని వెనిగర్‌లో ఊరబెట్టి వేశారు. పాత పద్ధతే, తప్పు కాదు. కానీ తర్వాత ఆ పులుపు పూర్తిగా పోయేలా కడగాలి. సరిగ్గా కడగలేదు. కొన్ని వారాలు ఒరలో ఉన్న అలుగు మీద గోధుమరంగు మరకలు తేలాయి. అడిగితే "తోలు ఒరలో ఏ ఉక్కూ ఎక్కువ రోజులు ఉంచకూడదు" అన్నారు. ఆ మాట నిజమే. కానీ అది నా ప్రశ్నకి జవాబు కాదు. 120 పౌండ్లు తీసుకున్న ఒరలో ఇలా జరగకూడదు. అలుగు మీద అంత శ్రద్ధ పెట్టిన మనిషి ఒరని తొందరలో ముగించారనిపించింది.

మాట్లాడటంలో కూడా ఓపిక కావాలి. వేసవిలో ఆర్డర్ ఇస్తే చేతికొచ్చేసరికి వసంతం వచ్చింది. మధ్యలో వారాల తరబడి జవాబు ఉండదు. 150 పౌండ్లు ముందే కట్టి ఉన్నాను కాబట్టి కొంచెం టెన్షన్ పడ్డ మాట నిజం. తారీఖు తప్పకుండా కావాలనుకునేవాళ్ళు, పుట్టినరోజు కానుక లాంటి వాటికి, ఇలాంటి చోట ఆర్డర్ పెట్టొద్దు.

బాకు బల్ల మీదికి వచ్చాక తేడా స్పష్టంగా కనిపిస్తోంది. పిల్లలు పట్టుకుని "ఇంతేనా బరువు?" అంటారు. పెద్దవాళ్ళు పక్కకి తిప్పి వెన్ను చూస్తారు. బొటనవేలు పై బిళ్ళ మీద ఎలా పెట్టాలో చూపిస్తే చాలు, మిగతాది చేతికే తెలిసిపోతుంది. అమ్మకి వీడియో కాల్‌లో చూపిస్తే ముందు "ఇంట్ల పిల్లలున్నరు గదనే, గిదెందుకే?" అని కోప్పడింది. పిడి దగ్గరగా చూపించాక "చెక్క పని మంచిగున్నదే" అంది. పిల్లల సంగతి అమ్మ అన్నది నిజమే కాబట్టి ఇంట్లో తాళం వేసిన పెట్టెలోనే ఉంటుంది.

కొనేవాళ్ళు చట్టం కూడా తెలుసుకోవాలి. బ్రిటన్‌లో 18 ఏళ్ళు నిండనివాళ్ళకి ఇలాంటివి అమ్మకూడదు. ఆన్‌లైన్‌లో కొంటే ఇంటి దగ్గర ఇచ్చేటప్పుడు వయసు చూస్తారు. చాలా కొరియర్లు కత్తులంటేనే తీసుకోవు, కాబట్టి వీలైతే వెళ్ళి తెచ్చుకోవడం మేలు. సరైన కారణం లేకుండా బయట పట్టుకు తిరగడం నేరం. ప్రదర్శనకి తీసుకెళ్ళేటప్పుడు నేను తాళం పెట్టెలో, కారు డిక్కీలో, కార్యక్రమం వివరాల కాగితంతో పాటు పెడతాను. ఇండియాకి తీసుకెళ్ళే ఆలోచన ఉంటే ముందు అక్కడి ఆయుధాల నిబంధనలు చూడండి. 9 అంగుళాలు దాటిన అలుగు అక్కడ ఆయుధాల జాబితాలోకి వస్తుంది, ఇది 12 అంగుళాలకి పైనే.

సంరక్షణ పెద్ద పనేం కాదు. చేతులు మారిన ప్రతి రోజూ పొడిగుడ్డతో తుడవాలి, ఎందుకంటే చెమటలోని ఉప్పు రాత్రికి రాత్రే వేలిముద్రల్ని తుప్పుగా మారుస్తుంది. తర్వాత మ్యూజియాలు వాడే మైక్రోక్రిస్టలైన్ మైనం పలచగా పూస్తాను. చెక్కకి అవిసె నూనె. ఒర విడిగా, బాకు విడిగా.

అలుగుకీ పిడికీ అయిదుకి అయిదు ఇస్తాను, ఒరకి రెండు, మాట్లాడే తీరుకి మూడు. మళ్ళీ చేయించుకోవాల్సి వస్తే బాకు ఈయన దగ్గరే, ఒర మాత్రం వేరే తోలు పనివాళ్ళ దగ్గర. ఆ పని ఇప్పటికే మొదలుపెట్టాను. రంగు వేయని గోధుమరంగు తోలుతో, ఉచ్చు పైకి పెట్టి కుట్టమని ఇంకొకరికి ఇచ్చాను. మట్టల ఆదివారం లోపు ఇస్తామన్నారు. వచ్చి, ఒక సీజన్ వాడాక ఇక్కడే కింద నాలుగు లైన్లు కలుపుతాను.